గట్టిగా పలికిన వైపు

రొట్టెల కొట్టు ఇవానో పెళ్ళాం చెప్పిందాన్ని బట్టి, ఎదురింటి లొరెదానా అన్నదేమిటంటే, డాక్టరు గారి భార్యకి మతి చలించింది. "రెండు రోజులు ముసలావిడ వీపు మీద దరువేసిందంట. మంచం మీద కూచోబెట్టి, గౌను పైకెత్తి, వేళ్ళతో టకటకా కొట్టడం, తల వంచి వినడం. పైగా కనుబొమలు దిద్దుకునే పెన్సిలుతో వీపు మీద గీతలంట! నిన్న పొద్దున మొగుడు మేడ మీద ఉండగానే, ఆయన వద్దన్నా వినకుండా అంబులెన్సు ఎక్కించి పంపేసింది. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు ఎవరు తిరిగొస్తున్నారు? నలభై ఏళ్ళ కసి, అలా తీర్చుకుంది." ఈ మాటలన్నీ ఇవానో పెళ్ళాం గుమ్మానికి మూడు బారల దూరంలో నిలబడి, మాస్కులోంచి చెప్పింది. రొట్టె సంచి మెట్టు మీద పెట్టి, "నేను నమ్మలేదనుకో" అని కూడా అంది. నమ్మనివాళ్ళు అంత వివరంగా చెప్పరు.

నీవెస్ రొట్టె తీసుకుని తలుపేసుకుంది. లొరెదానా చూపు మంచిదే. ఆ కిటికీలోంచి చూసిందంతా నిజమే. దరువూ నిజమే, గీతలూ నిజమే, అంబులెన్సూ నిజమే. కసి అన్న మాట దగ్గర మాత్రం నీవెస్ కాసేపు ఆగింది. ఉందా? లేకపోలేదు. కాని దానికీ అంబులెన్సుకీ సంబంధం లేదు. రొట్టె కోస్తూ చెయ్యి అలవాటు కొద్దీ గట్టి అంచు వేరుచేసి, మెత్తటి ముక్క చిన్న పళ్ళెంలో పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, ఆ ముక్క తినే మనిషి ఇంట్లో లేదని.

ఇటలీలో పార్మా పట్నం పైన కొండల్లో ఆ ఊరు. అది కరోనా వచ్చిన ఏడు, మార్చి మూడోవారం. లోయలో రోడ్డు మీద అంబులెన్సు కూత తప్ప ఇంకో మోత లేదు. చర్చి గంట కూడా ఆపేశారు. చావు చావుకీ కొడితే మనుషులు బెదిరిపోతున్నారని. నీవెస్ మొగుడు కొర్రాదో ఆ ఊరి డాక్టరు. ఇల్లూ క్లినిక్కూ ఒకటే. కింద ముందుగది క్లినిక్కు, వెనక వంటిల్లు, దాని పక్కన అత్తగారు జెలిందా గది, దాని కిటికీ లొరెదానా ఇంటి వైపే. పైన పడగ్గది. పక్క లోయలో కొర్రాదోతో చదువుకున్న డాక్టరు ఒకాయన మొదటివారంలోనే పోయాడు. ఆ కబురు విన్న రోజు కొర్రాదో మేడ ఎక్కాడు, మళ్ళీ దిగలేదు. పైనించే ఫోన్లో వైద్యం. ఊరికే కూచున్నాడని కాదు. రోజుకి అరవై ఫోన్లు, గొంతు బొంగురుపోయేదాకా. "జ్వరమా? దగ్గా? అదే. పారాసిటమాల్ వేసుకో, పడుకో, ఎవరి దగ్గరికీ వెళ్ళకు." ఎవరడిగినా అదే జబ్బు, అదే మాత్ర. నీవెస్ భోజనం పళ్ళెం ఏడో మెట్టు మీద పెట్టి దిగిపోయేది. ఆవిడ దిగాక ఆయన తీసుకునేవాడు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ముందుగదిలో కూచుంది నీవెస్. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, సూదులు ఉడకబెట్టడం, తెల్లకోట్లు ఉతికి గంజిపెట్టడం, ఏడ్చే పిల్లల్ని ఆడించడం, ఆయన చీటీలు ఆయన పేరు మీద ఆవిడ చేతిరాతతో రాయడం. రోగులముందు మొగుణ్ణి "డాక్టరు గారూ" అనాలి, అది ఆయన పెట్టిన నియమం. ఒకసారి, పెళ్ళయిన నాలుగో ఏడు, వేరే అమ్మాయిని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి కదా అని నోరు జారింది. "ఇంటి మనిషికి జీతమేంటి నీవెస్, రేపు అన్నం వండినందుకు కూడా అడుగుతావా?" అని నవ్వాడు. జెలిందా కూడా నవ్వింది. నిజానికి ఊళ్ళో వాళ్ళు తమ జబ్బంతా ముందుగదిలో నీవెస్‌కే చెప్పేసి, లోపల డాక్టరు దగ్గర సగం మర్చిపోయేవాళ్ళు. అప్పుడు ఆయన తలుపు తీసి, "ఏమందీవిడ?" అని అడిగేవాడు.

జెలిందా అయితే పెళ్ళయిన మర్నాడే ముక్కు ఎగబీల్చి, "ఆ చీజు వాసన నీకెప్పటికి వదుల్తుందో పిల్లా" అంది. అప్పటినించి "చీజుల పిల్ల" అనే పేరు. అరవై రెండేళ్ళొచ్చినా పిల్లే. నీవెస్ ఆవిణ్ణి "మీరు" అనే అంటుంది, "అత్తయ్యా" అనే పిలుస్తుంది. ఆవిడ మాత్రం చారులో ఉప్పెక్కువైనా, చొక్కా బొత్తాం ఊడినా ఒకటే మాట: "గోదాములో పెరిగింది, ఏం తెలుస్తుంది పాపం."

గోదాములో పెరిగిన మాట నిజమే. ఆ నెలలో ఇంట్లోంచి కదలడానికి లేని రోజుల్లో నీవెస్ మనసు ఎక్కువగా అక్కడే తిరిగేది. నాన్న చీజు దిమ్మలు కొట్టి చూసేవాడు. అదే ఆయన వృత్తి. నేలనించి కప్పుదాకా చెక్క అరలు, అరల నిండా తిరగలిరాయంత చీజు దిమ్మలు, ఒక్కోటి నలభై కిలోలు. ఏడాది నిండిన దిమ్మ బాగుందో లేదో కోసి చూడ్డానికి లేదు, కోస్తే పాడవుతుంది. అందుకని చిన్న సుత్తి. నాన్న దిమ్మని తిప్పుతూ పైనా, పక్కనా, చుట్టూ మెల్లిగా కొట్టి, చెవితో లోపలికి చూసేవాడు. ఎక్కడ కొట్టినా గట్టిగా, నిండుగా ఒకే మోత వస్తే మంచి దిమ్మ. ఎక్కడన్నా డొల్లగా పలికిందా, లోపల చీలికో బుడగో ఉన్నట్టు. అలా చెడినవాటి అంచు మీద చుక్కలు చుక్కలుగా అచ్చుపడి ఉండే ఆ చీజు పేరుని చెక్కేసేవాళ్ళు. పేరు పోయిన దిమ్మల్ని పారెయ్యరు. అవీ తింటారు. చవగ్గా అమ్ముతారు, పనివాళ్ళ ఇళ్ళల్లో సూపులోకి తురుముకుంటారు. పేరే ఉండదు.

తొమ్మిదేళ్ళప్పుడు నీవెస్ నాన్న వెనకాలే తిరుగుతూ, "నాన్నా, దాన్ని వదిలేశావు, అది డొల్ల" అంది. ఆయన వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టాడు. రెండుసార్లు కొట్టాడు. సుత్తి జేబులో పెట్టుకుని కూతురి తలమీద చెయ్యి వేసి, "నీ చెవి నాకంటే మంచిదే తల్లీ. ఏం లాభం, ఆడపిల్ల చేతికి సుత్తి ఎవరిస్తారు?" అన్నాడు. ఆ గోదాము చల్లదనం, తడి చెక్క వాసన, ఆ మోత... టక్, టక్, టక్... ఇప్పటికీ నిద్రపట్టకపోతే ఆ మోతే తలుచుకుంటుంది. నాన్న పోయినప్పుడు తమ్ముళ్ళు ఇల్లు తీసుకున్నారు. నీవెస్ సుత్తి అడిగితే, "అదెందుకక్కా నీకు" అంటూనే ఇచ్చారు. చెంచాల సొరుగులో, వెనక, గుడ్డలో చుట్టి ఉంది.

కొర్రాదో ఆ గోదాముకి సైకిలు మీద వచ్చేవాడు, పార్మాలో వైద్యం చదువుతున్న రోజుల్లో. బక్కగా, పొడుగ్గా, చెవులు ఎర్రగా. ఒక ఆదివారం మొహం వేలాడేసుకుని వచ్చాడు. రోగి వీపు మీద వేలు ఆనించి, దాని మీద రెండో చేతి వేలితో కొట్టి, లోపల గాలి ఉందో నీరుందో చెప్పాలట. ఎంత కొట్టినా ఆయనకి అంతా ఒకేలా వినబడుతోందట. "నీ వేలు మూగదిరా" అన్నాడట ప్రొఫెసరు అందరి ముందూ. నీవెస్‌కి నవ్వొచ్చింది. "ఇంతేనా? రా, నేను నేర్పుతా" అంది. నాన్న పేకాటకి వెళ్ళాడు. రెండు అరల మధ్య సందులో, పల్చటి జాకెట్టు మీదనించే, అటు తిరిగి నిలబడి వీపు ఇచ్చింది. సిగ్గుగానే ఉంది, కాని పని పనే. "వేలు అదిమి ఉంచకు. కొట్టగానే లేపెయ్. మా నాన్న సుత్తి ఎలా లేపుతాడో చూశావుగా? లేపకపోతే మోతని నీ వేలే మింగేస్తుంది. మళ్ళీ. అబ్బ, మేకు కొడుతున్నావా? మళ్ళీ." సాయంత్రం అయ్యేసరికి మూగవేలికి మాటొచ్చింది. తర్వాత నీవెస్ తను ఆయన వీపు కొట్టి చూసి, హడలిపోయి, "అయ్యో కొర్రాదో! నువ్వు పాడయిపోయావు! అంతా డొల్ల!" అంది. ఆయన నేలమీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "పిచ్చిదానా, మనిషి డొల్లగా పలికితేనే మంచిది. లోపల గాలి. గట్టిగా పలికితేనే భయం, అక్కడ నీళ్ళున్నట్టు. మీ చీజుకి తలకిందులు." ఇద్దరూ ఒకరి వీపొకరు కొట్టుకుంటూ చీకటిపడేదాకా నవ్వారు. పరీక్షలో ఆయనకి ముప్పైకి ముప్పై వచ్చాయి. పెళ్ళి మాట ఆ వారమే ఎత్తాడు.

అంత నవ్వు మళ్ళీ నవ్వారా అంటే, నీవెస్‌కి గుర్తులేదు. క్లినిక్కు పెట్టిన కొత్తల్లో ఒకసారి, ముందుగదిలో దగ్గుతున్న ముసలాయన గురించి, "ఒకసారి వీపు కొట్టి చూడు, నాకేదో తేడాగా ఉంది" అంటే, ఆయన తలెత్తకుండా, "నువ్వు పేర్లు రాసుకో, చాలు" అన్నాడు. ఆ తర్వాత స్కానింగులు వచ్చాయి, ఇంకేవేవో యంత్రాలు వచ్చాయి. వీపు కొట్టడం పాత మేష్టర్ల చాదస్తం అయిపోయింది. కొర్రాదో వేలు మళ్ళీ మూగపోయింది. చెప్పే ప్రొఫెసరు లేడంతే.

జెలిందాకి జ్వరం మంగళవారం మొదలైంది. దగ్గు, ఆయాసం. కొర్రాదో మేడమెట్ల పైనించే తల్లిని అడగాల్సినవి అడిగాడు, "అదే" అన్నాడు. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. ఆసుపత్రిలో మంచాలు లేవు, ఆ వయసువాళ్ళని తీసుకెళ్ళినా వరండాలోనే. "ఇంట్లోనే ఉండనీ, నీవెస్. ఇంట్లో పోతే కనీసం మనముంటాం." ఆ మనంలో తనొక్కతే గదిలోకి వెళ్ళాలని నీవెస్‌కి తెలుసు. మాస్కు కట్టుకుని వెళ్ళింది. తుడిచింది, తాగించింది, మంచం కింద గిన్నె మార్చింది. నాలుగో రోజుకి ఒక సంగతి గమనించింది. ముసలావిడ కుడివైపుకే తిరిగి పడుకుంటోంది. ఎడమవైపు తిప్పితే ఊపిరాడక గింజుకుంటోంది. అందరికీ వచ్చే ఈ జబ్బు రెండువైపులా పట్టుకుంటుందని రోజంతా టీవీలో చెబుతూనే ఉన్నారు. మరి ఈవిడకి ఒక్క కుడివైపేమిటి?

"అత్తయ్యా, కాస్త లేచి కూచోండి. వీపు చూస్తాను."

"నువ్వా? చూడు చూడు. చీజనుకుని కోసెయ్యకు" అంది జెలిందా, ఆయాసపడుతూనే.

నీవెస్ దిండ్లు ఎత్తుపెట్టి కూచోబెట్టింది. ఎడమవైపు కొట్టింది. డొల్లగా, తేలిగ్గా పలికింది, ఖాళీ డబ్బాలా. కుడివైపు, భుజం ఎముక కిందనించి నడుందాకా, గట్టిగా, నిండుగా పలికింది. ఏడాది నిండిన మేలురకం దిమ్మ. నీవెస్ ఒళ్ళంతా తేలికైంది. చెవి కంటే ముందు చెయ్యే సంతోషపడింది. "బావుంది" అని నోటిదాకా వచ్చింది కూడా. నాన్న పక్కన నిలబడి తలూపినట్టే అనిపించింది. ఆ తలూపడం చూస్తూ చూస్తూ ఉండగా గుర్తొచ్చింది. ఇది దిమ్మ కాదు. మనిషి వీపు. తలకిందులు.

మళ్ళీ కొట్టింది. పైనించి కిందికి, వేలు వేలు దించుకుంటూ. మోత మారిన చోట కనుబొమల పెన్సిలుతో గీత గీసింది. ముసలావిణ్ణి కొంచెం ముందుకు వంచి, మళ్ళీ నిటారుగా కూచోబెట్టి చూసింది. ఒంగినప్పుడు మోత మారే చోటు గీత దాటి జరిగింది. గట్టిపడింది ఏదైనా జరగదు. నీళ్ళే జరుగుతాయి.

"నా వీపేమన్నా పలకా?" అంది జెలిందా.

"అవునత్తయ్యా. చెరపకండి."

మర్నాటికి మోత మారే చోటు గీతకి రెండువేళ్ళు పైకి ఎక్కింది.

నీవెస్ మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. కొర్రాదో పైమెట్టు మీద, చేతిలో ఫోనుతో, గడ్డం పెరిగి, వారంలో పదేళ్ళు ముసలాడై ఉన్నాడు. జాలేసింది. విని, కళ్ళు మూసుకున్నాడు.

"నీవెస్, మనిషి వేరు, చీజు వేరు."

"తెలుసు. తలకిందులు. నువ్వే చెప్పావు."

"ఎప్పుడు చెప్పాను?"

నీవెస్ ఆయన మొహంలోకి చూసింది. ఆయన వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆ గోదాము, ఆ సందు, ఆ నవ్వు, అవన్నీ ఇన్నేళ్ళూ ఇద్దరివీ అనుకుంటూ వచ్చింది. తనొక్కదానివే అని ఆ మెట్ల కింద తెలిసింది.

"కబురు చెయ్. ఇళ్ళకి తిరిగి చూసే డాక్టర్లు వస్తున్నారుగా" అంది చివరికి.

"చేసి ఏం చెప్పను? మా ఆవిడ వేలితో కొట్టి చూసిందనా? నలుగురూ నవ్వుతారు. అమ్మని ప్రశాంతంగా ఉండనీ."

"అయితే నేను చేస్తా."

"వద్దు నీవెస్. ఇక్కడ డాక్టర్ని నేను."

నీవెస్ ముందుగదిలోకి వెళ్ళింది. అదే కుర్చీ, అదే ఫోను. ముప్పై ఎనిమిదేళ్ళలో కొన్ని వేలసార్లు ఆయన గొంతుగా మాట్లాడిన ఫోను. నెంబరు నొక్కి, తను చూసిందంతా చెప్పింది. అవతల ఆడగొంతు, "డాక్టరా మీరు?" అంది. "కాదు. ముసలావిడ కోడల్ని" అంది నీవెస్. రేపు పొద్దున వస్తామన్నారు. తర్వాత చీటీ రాసింది. కుడివైపు భుజం ఎముక కింద దాకా గట్టి మోత, నిన్నటికంటే రెండువేళ్ళు ఎక్కువ, ఒంగితే జరుగుతుంది, ఎడమవైపు బాగుంది. కింద అలవాటుగా మొగుడి పేరు రాయబోయి ఆగింది. ఇది తప్పయితే, ఈ ఇంట్లో ఆ ముసలావిణ్ణి చంపినదానివి నువ్వే అనే మాట చచ్చేదాకా మొయ్యాలి. ఒప్పయితే, ఆ ఒప్పు ఎవరిదని ఎవరూ అడగరు. రెండూ తెలిసే, పుట్టింటి పేరుతో రాసింది. నీవెస్ గిరెట్టి.

తెల్లటి తొడుగులో వచ్చిన డాక్టరమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎలియానా అని ఛాతీ మీద నల్లసిరాతో రాసుంది. అరచేతిలో ఇమిడే స్కానింగు యంత్రం కుడివైపు ఆనించి, చిన్న తెర చూపించింది. భుజం కిందంతా నల్లగా ఉంది. "నీళ్ళు" అంది. జెలిందా వీపు మీది గీతల్ని కాసేపు అలాగే చూసి, చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. తోడుగా ఎవరూ రావడానికి లేదు. స్ట్రెచర్ మీద జెలిందా కళ్ళు ఒక్క నీవెస్‌నే వెతికాయి. "నన్నిలా పంపేస్తున్నావా చీజుల పిల్లా" అంది. నీవెస్ ఆవిడ చెప్పులు సంచిలో పెట్టి ఇచ్చింది. మేడమీద కిటికీ మూసే ఉంది.

ఆ మర్నాడే ఇవానో పెళ్ళాం రొట్టెతోపాటు లొరెదానా మాటలు మోసుకొచ్చింది.

తర్వాత నాలుగు రోజులు ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ముందుగదికి పరిగెత్తేది.  ఏడో మెట్టు మీద పళ్ళెం సగం అలాగే ఉండేది. రెండుసార్లు పైనించి కొర్రాదో ఏడుపు వినబడింది. నీవెస్ చెంచాల సొరుగు తీసి, గుడ్డ విప్పి, నాన్న సుత్తి చేతిలో పట్టుకుని కూచునేది. నాన్న జీవితంలో తప్పు చెప్పిన దిమ్మలు కూడా ఉన్నాయి. ఎన్నని ఎప్పుడూ అడగలేదు.

అయిదో రోజు కబురు. కుడివైపునించి లీటరున్నర నీరు తీశారు. పరీక్షలో ఆ వైరస్ లేనేలేదు. మామూలు నిమోనియా ముదిరి నీరు చేరింది. ఇంకో రెండు రోజులు ఆగితే దక్కేది కాదన్నారు. కొర్రాదో మొదటిసారి ఏడో మెట్టుదాకా దిగి, మొహం తుడుచుకుని, "అమ్మ గట్టి మనిషి. నేను చెప్పానుగా" అన్నాడు. ఏం చెప్పాడో నీవెస్ అడగలేదు.

మే నెల మొదటి ఆదివారం. జెలిందా ఇంటికొచ్చి వారమైంది. మనిషి సగానికి సగం తగ్గింది, నోరు తగ్గలేదు. వంటింటి బల్ల దగ్గర ఆకుకూర కూరి మడిచే పిండిబిళ్ళలు, తోర్తెల్లి చేస్తున్నారు. నీవెస్ పిండి వత్తుతోంది, ముసలావిడ అంచులు నొక్కుతోంది. "పల్చగా వత్తు పిల్లా, గోడకి మెత్తుతావా ఏంటి?" కొర్రాదో కొత్తగా ఉతికిన చొక్కాతో బల్ల చివర కూచుని ఉన్నాడు. ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక అందరికీ వినబడేలా పెట్టారు. ఎలియానా.

"డాక్టరు గారూ, అమ్మగారు ఎలా ఉన్నారు? ఒక సాయం అడుగుదామని. మా దగ్గర ఆ యంత్రాలు రెండే. కొత్తగా చేరిన పిల్లలకి వీపు కొట్టి చూడ్డం రాదు, మాకెవరూ నేర్పలేదు. మీ చీటీ గోడకి అంటించాం. అంత కచ్చితంగా మా మెషిన్ కూడా చెప్పలేదు. కింద గిరెట్టి అనుంది, ఆవిడ మీ దగ్గర పనిచేస్తారా?"

"మా ఆవిడే. చీటీలన్నీ తనే రాస్తుంది" అన్నాడు కొర్రాదో.

"అదీ సంగతి. మరి మీరొచ్చి మా పిల్లలకి నేర్పుతారా?"

"దానికేం భాగ్యం. తప్పకుండా." ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. అబద్ధం చెబుతున్నట్టు కూడా లేదు మొహం. ఆ ఇంట్లో నీవెస్ చేసిన ప్రతిదీ ఆయన చేసినట్టే లెక్క, ముప్పై ఎనిమిదేళ్ళుగా. జెలిందా వేళ్ళు అంచు మీద ఆగాయి. కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. మళ్ళీ అంచు నొక్కడం మొదలుపెట్టింది.

"ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంది ఎలియానా.

"కాలేజీలోనేనమ్మా, ఇంకెక్కడ" అన్నాడు కొర్రాదో.

నీవెస్ పిండి చేతులు దులుపుకుంది. ఫోను తన వైపుకి జరుపుకుంది.

"నా వీపు మీద నేర్చుకున్నాడమ్మా, పెళ్ళికి ముందు, మా నాన్న గోదాములో. తర్వాత మర్చిపోయాడు. ఆ చీటీ మీద పేరు నాది, వేలు కూడా నాదే. ఈయన మెట్లు కూడా దిగలేదు. నేర్పడానికి ఎప్పుడు రమ్మంటావో చెప్పు, నేనే వస్తాను."